రిఫరీ లేని ఆట: వైకల్యం ఉన్న పిల్లలతో గోల్ఫ్ బృందం నడపడం ఎలా

క్రికెట్‌లో ఔటో కాదో అంపైర్ చెప్తాడు. కబడ్డీలో విజిల్ ఇంకొకరి నోట్లో ఉంటుంది. గోల్ఫ్‌లో మామూలు రౌండ్ ఆడుతుంటే పక్కన అలాంటి మనిషెవరూ ఉండరు. కొట్టబోతూ బంతిని పొరపాటున కదిపావనుకోండి, ఎవరూ చూడకపోయినా ఆ సంగతి చెప్పాల్సింది నువ్వే, ఒక దెబ్బ అదనంగా వేసుకోవాల్సిందీ నువ్వే. ఏ క్లబ్బు (బంతి కొట్టే కర్ర) తియ్యాలి, నీళ్ల మీదుగా కొట్టాలా, పక్క నుంచి పోవాలా, అంతా ఆటగాడి ఇష్టం.

ఇప్పుడు మన ఇళ్లల్లో వైకల్యం ఉన్న పిల్లవాడి రోజు ఎలా గడుస్తుందో చూడండి. ఏ చొక్కా వెయ్యాలో అమ్మ చెప్తుంది. డాక్టర్ వాడి మొహం చూసి అడిగిన ప్రశ్నకు నాన్న జవాబు చెప్తాడు. స్కూల్లో ఎక్కడ కూర్చోవాలో టీచర్ చెప్తుంది. అందరిదీ ప్రేమే. కానీ పద్దెనిమిదేళ్లు నిండేసరికి సొంతంగా ఒక నిర్ణయం తీసుకుని, అది తప్పయితే భరించి, మళ్లీ తీసుకున్న అనుభవం ఆ పిల్లవాడికి ఉండదు. నాయకత్వం అనే పెద్ద మాట కింద ఉన్న అసలు సరుకు ఆ అనుభవమే. గోల్ఫ్ దాన్ని ప్రతి రంధ్రం దగ్గరా ఇస్తుంది. ఈ మార్గదర్శి మొత్తం ఆ ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది.

ఇది ఏదో జాలితో కల్పించిన ఆట కాదు. వైకల్యం ఉన్నవాళ్ల కోసం మార్చిన నియమాలు 2023 నుంచి గోల్ఫ్ అసలు నియమావళిలోనే 25వ నియమంగా ఉన్నాయి. అమెరికా గోల్ఫ్ సంఘం 2022 జులైలో నార్త్ కరోలినాలోని పైన్‌హర్స్ట్‌లో మొదటి యూఎస్ అడాప్టివ్ ఓపెన్ నిర్వహించింది. 96 మంది ఆడారు. పురుషుల్లో గెలిచిన సైమన్ లీ ఆటిజం ఉన్న కొరియా ఆటగాడు. మన దేశం సంగతికొస్తే, పుట్టుకతోనే వినికిడి లోపం ఉన్న దీక్షా దాగర్ 2017 డెఫ్లింపిక్స్‌లో (వినికిడి లోపం ఉన్నవాళ్ల అంతర్జాతీయ క్రీడలు) రజతం, 2022లో బ్రెజిల్‌లో జరిగిన డెఫ్లింపిక్స్‌లో స్వర్ణం తెచ్చింది. టోక్యో, పారిస్ ఒలింపిక్స్‌లో మామూలు క్రీడాకారిణులతో సమానంగా ఆడింది.

మొదటి అడుగు: ఎనిమిది మంది చాలు

పాతికమందితో బ్యానర్ కట్టి మొదలుపెట్టిన కార్యక్రమాలు మూడో వారానికి పల్చబడతాయి. ఆరు నుంచి ఎనిమిది మంది, 12 నుంచి 20 ఏళ్ల మధ్యవాళ్లు, వారానికి రెండు రోజులు, ఒక్కో రోజు గంటన్నర. దీంతో మొదలెట్టండి.

పిల్లలు ఎక్కడ దొరుకుతారు? రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మండలాల్లో నడిచే భవిత కేంద్రాల్లో ప్రత్యేక ఉపాధ్యాయులు ఉంటారు. వాళ్లకు ఊళ్లో ప్రతి కుటుంబమూ తెలుసు. ప్రత్యేక పాఠశాలలు, మేధో వైకల్యం ఉన్నవాళ్ల క్రీడా సంస్థ స్పెషల్ ఒలింపిక్స్ భారత్ రాష్ట్ర శాఖ, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ మేధో వైకల్య సంస్థ కూడా దారి చూపగలవు. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్, యూడీఐడీ కార్డు పోటీలకు వెళ్లేటప్పుడు అవసరం పడొచ్చు. ప్రాక్టీసుకు వచ్చే పిల్లాణ్ని మాత్రం కాగితం లేదని గేటు దగ్గర ఆపకండి.

అంధులు ఒక రోజు, చక్రాల కుర్చీ పిల్లలు ఇంకో రోజు అని విడగొట్టాలనిపిస్తుంది. నిర్వహణకు తేలిక కూడా. నేనైతే వద్దంటాను. కుర్చీలో ఉన్న అమ్మాయి చూపులేని అబ్బాయికి గ్రీన్ (గుంత చుట్టూ ఉండే నున్నటి పచ్చిక) ఎటు వాలిందో చెప్తుంది. ఆ అబ్బాయి ఆమె బంతిని గుంతలోంచి తీసిస్తాడు. ఒకరికి లేనిది ఇంకొకరి దగ్గర ఉన్నచోటే, అడగడమూ ఇవ్వడమూ రెండూ మొదలవుతాయి. ఇద్దరు ముగ్గురు వైకల్యం లేని పిల్లల్ని, అన్నదమ్ములో స్నేహితులో, జోడీలుగా కలుపుకోండి.

రెండో అడుగు: పిల్లతో మాట్లాడండి, తర్వాత పెద్దవాళ్లతో

పరిచయం రోజున కుర్చీలు వేసేటప్పుడే పిల్లవాణ్ని మీ ఎదురుగా, తల్లిదండ్రుల్ని కాస్త పక్కగా కూర్చోబెట్టండి. ‘నీకేం జబ్బు’ అని కాకుండా ఇలా అడగండి: ఏ చేత్తో గట్టిగా పట్టుకోగలవు? ఎంతసేపు నిలబడగలవు? ఏ చప్పుడు చికాకు పెడుతుంది? అలసిపోతే నాకెలా చెప్తావు? మాట రాని పిల్లలైతే బొమ్మల కార్డులు, బొటనవేలు పైకీ కిందికీ, ఫోన్‌లో రికార్డు చేసిన ‘ఆపు’ అనే గొంతు, ఏది వీలైతే అది. తల్లి మధ్యలో జవాబిస్తే నవ్వుతూ ‘అమ్మా, బాబునే చెప్పనివ్వండి’ అనాలి. మొదటిసారి ఆమె కాస్త నొచ్చుకుంటుంది. పర్లేదు.

వైద్య విషయాలు మాత్రం పెద్దవాళ్లతో విడిగా, వివరంగా. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో కొందరికి మెడ ఎముకల పైభాగం వదులుగా ఉంటుంది, స్వింగ్ (క్లబ్బు ఊపి కొట్టడం) నేర్పేముందు డాక్టర్ మాట తప్పనిసరి. వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లకు చెమట సరిగా పట్టక ఒంటి వేడి త్వరగా పెరుగుతుంది. నీళ్లు చిమ్మే స్ప్రే సీసా, నీడ దగ్గరుండాలి. కుర్చీలోనే ఎక్కువసేపు ఉండేవాళ్లు ఒత్తిడి పుండ్లు రాకుండా మధ్యమధ్య బరువు మార్చుకోవాలి. మూర్ఛ ఉంటే ఏ మందు, ఏ వేళ, వస్తే ఏం చెయ్యాలి అన్నది ఒక కార్డు మీద రాసి సంచిలో పెట్టండి. మన ఎండల్లో పొద్దున ఆరింటికి మొదలెట్టి ఏడున్నరకు ముగించడం ఉత్తమం.

మూడో అడుగు: ముందు బాత్రూం చూడండి, తర్వాత గ్రీన్

మొదటి రెండు నెలలు గోల్ఫ్ కోర్సే అక్కర్లేదు. గోల్ఫ్ రంధ్రం వ్యాసం నాలుగుంపావు అంగుళాలు, అంటే 108 మిల్లీమీటర్లు. హార్డ్‌వేర్ షాపులో ‘నాలుగంగుళాల పైపు’ అని అడిగితే ఇచ్చే 110 మిల్లీమీటర్ల పీవీసీ పైపులోంచి జానెడు ముక్క కోయించుకుని, స్కూలు ఆవరణలో పాతితే కప్పు తయారు. దాని చుట్టూ నేల చదును చేసి పచ్చ మ్యాట్ పరిస్తే పుట్టింగ్‌కు, అంటే బంతిని గుంతలోకి దొర్లించడానికి, సరిపోతుంది.

తర్వాత రేంజ్, అంటే వరసగా బంతులు కొట్టి సాధన చేసే చోటు, ఆ తర్వాత కోర్సు. హైదరాబాద్‌లో గోల్కొండ నయా ఖిలా దగ్గర హైదరాబాద్ గోల్ఫ్ అసోసియేషన్ కోర్సు, గచ్చిబౌలి వైపు బౌల్డర్ హిల్స్, విశాఖలో ఈస్ట్ పాయింట్ క్లబ్బు ఉన్నాయి. ఏ క్లబ్బుకు వెళ్లినా ముందుగా చూడాల్సింది బాత్రూం తలుపు వెడల్పు, మెట్ల పక్కన ర్యాంపు, పార్కింగ్ నుంచి రేంజ్ దాకా దారి. వికలాంగుల హక్కుల చట్టం, 2016లోని 30వ సెక్షన్ క్రీడల్లో వాళ్ల భాగస్వామ్యం గురించే. అయినా క్లబ్బు కార్యదర్శి దగ్గర చట్టం పుస్తకం తెరిస్తే పని ముందుకు నడవదు. రద్దీ లేని రోజు రేంజ్‌లో రెండు బేలు (నిలబడి కొట్టే గడులు) గంటన్నర సేపు కావాలని అడగండి. కుర్చీ చక్రాలకు గ్రీన్ పాడవుతుందని గ్రౌండ్ సిబ్బంది భయపడతారు. అందులో అర్థముంది. వెడల్పాటి టైర్లు వాడతామని, వాన పడ్డాకా నీళ్లు పెట్టాకా గ్రీన్ ఎక్కమని ముందే మాటివ్వండి.

అమెరికాలో ఉండే తెలుగువాళ్లకు ఈ అడుగు చాలా తేలిక. పిల్లలకు గోల్ఫ్ నేర్పేందుకు 1997లో మొదలైన ఫస్ట్ టీ సంస్థ శాఖలు, స్పెషల్ ఒలింపిక్స్ గోల్ఫ్ బృందాలు ఎన్నో ఊళ్లలో ఉన్నాయి. మనవాళ్లు ఎక్కువగా ఉండే టెక్సాస్ ఫ్రిస్కోలోనే గోల్ఫ్ ప్రొఫెషనల్స్ సంఘం పీజీఏ ఆఫ్ అమెరికా ప్రధాన కార్యాలయం ఉంది. అక్కడ కొత్తగా పెట్టడం కంటే ఉన్నదాంట్లో చేరి, కింద చెప్పిన ఆరో అడుగు ఎలా జరుగుతోందో నిర్వాహకుల్ని నిలదీసి అడగడం మేలు.

నాలుగో అడుగు: సామాను

సీటు తిరిగే, ఒక్కరే కూర్చునే కార్టులు, ఆటగాణ్ని బెల్టుతో నిలబెట్టే పారాగోల్ఫర్ యంత్రాలు ఉన్నాయి. బాగుంటాయి, చాలా ఖరీదు. వాటి కోసం చందాలు పోగుచేస్తూ ఏడాది గడపకండి. క్లబ్బు సభ్యుల ఇళ్లల్లో అటకల మీద పాత సెట్లు పడుంటాయి. అడిగితే ఇస్తారు. పొట్టిగా కోసి, గ్రిప్ లావుగా చుట్టించుకోండి. వేళ్ల పట్టు తక్కువున్నవాళ్లకు లావు గ్రిప్, పట్టీ ఉన్న గ్లౌజు. వంగలేనివాళ్లకు పుట్టర్ (పుట్టింగ్ క్లబ్బు) చివర తగిలించే రబ్బరు చూషకం, దాంతో గుంతలో బంతి పైకొస్తుంది. తక్కువ చూపుకు పసుపు, నారింజ రంగు బంతులు. చిన్నపిల్లలకూ, మొదటి నెలకూ ప్లాస్టిక్ క్లబ్బులు, మెత్తటి బంతులే సరి. అసలు బంతి తగిలితే తల పగులుతుంది, ఇందులో మొహమాటం లేదు.

భద్రత మాట వచ్చింది కాబట్టి ఇక్కడే చెప్తాను. కొట్టే చోట్ల మధ్య కనీసం మూడు మీటర్ల ఎడం, వెనకాల తాడు గీత. బంతి మనిషి మీదికి వస్తుంటే గోల్ఫర్లు ‘ఫోర్’ అని అరుస్తారు. వినపడని పిల్లకు ఆ అరుపు ఎందుకూ పనికిరాదు. అందుకని ఎర్ర జెండా లేస్తే అందరూ క్లబ్బు కింద పెట్టేయాలన్నది అందరికీ నియమం. ఆ జెండా ఎవరి చేతిలో ఉంటుందన్నది ఆరో అడుగులో.

ఐదో అడుగు: గుంత దగ్గర మొదలెట్టి వెనక్కి రండి

టీ (మొదటి దెబ్బకు బంతి నిలబెట్టే చిన్న మేకు) మీద నుంచి బంతిని ఆకాశంలోకి లేపడంతో మొదలుపెడితే పదిలో ఏడు సార్లు గాలికే తగులుతుంది, పిల్లలు రెండో రోజు రారు. గుంత నుంచి వెనక్కి రావాలి: దగ్గర పుట్, దూరం పుట్, చిప్ (కాస్త లేపి దొర్లించే చిన్న దెబ్బ), పిచ్ (ఇంకా ఎత్తుగా లేపేది), ఐరన్ (లోహపు పలుచటి తల ఉన్న క్లబ్బు), చివర్న వుడ్ (దూరం కొట్టే పెద్ద తల క్లబ్బు). స్పెషల్ ఒలింపిక్స్ మొదటి స్థాయి పోటీలోనూ ఈ ఆరు నైపుణ్యాలే చూస్తారు. మనవాళ్లకు పుట్టింగ్ చెప్పడానికి పెద్ద కష్టం లేదు. గోలీలాటలో గుంతలోకి గోలీని దొర్లించినట్టే. ఎంత బలంగా, ఎటు వాలు చూసి, అంతే. పూర్తి స్వింగ్‌కు మాత్రం బిళ్ళంగోడు, చిర్రగోనె ఆడిన అలవాటు అడ్డం వస్తుంది. ఎగిరే బిళ్ళను కొట్టిన చెయ్యి, కదలని బంతిని చూస్తే బిగుసుకుపోతుంది.

కుర్చీలో ఆడేవాళ్లకు ముందు బ్రేకులు, నడుం బెల్టు, వెనక్కి పడకుండా చిన్న చక్రాలు. కుర్చీ పక్కన చెయ్యి ఆనించే పట్టీ ఊడదీయండి. కుర్చీని లక్ష్యం వైపు కొద్దికొద్దిగా తిప్పుతూ, చేతులు మోకాళ్లకు తగలకుండా ఊగే కోణం దొరికేదాకా చూడండి. ఆ కోణం పట్టుకోవాల్సింది పిల్లే. మీరు కుర్చీ తిప్పకండి.

చూపులేనివాళ్లకు అంధుల క్రికెట్‌లోలా గలగలమనే బంతి అక్కర్లేదు, ఎందుకంటే ఇక్కడ బంతి కదలదు. శబ్దం కావాల్సింది గుంత దగ్గర. సహాయకుడు జెండా కర్రతో కప్పు అంచు మీద తట్టాలి. పుట్‌కు ముందు ఇద్దరూ బంతి నుంచి గుంత దాకా అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిస్తే దూరమూ వాలూ రెండూ పాదాలకు తెలుస్తాయి. 25వ నియమం ప్రకారం సహాయకుడు దిశ చూపించవచ్చు. బంకర్‌లో (ఇసుక గుంతలో) కొట్టే ముందు క్లబ్బును ఇసుకకు తాకించినా అంధ ఆటగాడికి శిక్ష లేదు.

ఆటిజం ఉన్న పిల్లలకు ప్రతి రోజూ ఒకే వరస. ఏది తర్వాత ఏదో బొమ్మల పట్టీ గోడ మీద. బుట్టలో సరిగ్గా ఇరవై బంతులు, అవి అయిపోతే విరామం. అంతం కళ్లకు కనిపిస్తే ఆందోళన తగ్గుతుంది. వినికిడి లోపం ఉన్నవాళ్లతో సూర్యుడు మీ వీపు వెనక లేకుండా నిలబడి మాట్లాడండి, లేకపోతే మీ మొహం నల్లగా కనిపిస్తుంది, పెదాలు చదవలేరు.

ఆరో అడుగు: అసలు పని

ఇక్కడే ఎక్కువ కార్యక్రమాలు కూలబడతాయి. ఆట నేర్పుతారు, ఫొటోలు తీస్తారు, ‘ఆత్మవిశ్వాసం పెరిగింది’ అని రిపోర్టు రాస్తారు. నాయకత్వం మీద గంట ఉపన్యాసం ఇప్పిస్తారు. ఉపన్యాసం వద్దు, పని అప్పగించండి. నిజమైన పని, చెడిపోతే నిజంగా నష్టం వచ్చే పని.

మొదటి నెల: తన సంచి తనది. తానే సర్దుకోవాలి. గ్లౌజు మర్చిపోతే ఆ రోజు గ్లౌజు లేకుండానే. పరుగెత్తి తెచ్చిపెట్టే నాన్నను తాడు గీత వెనకే ఆపండి.

రెండో నెల: తన స్కోరు తానే. అంకెలు రాని పిల్లలకు దారంలో గుచ్చిన పూసలు, దెబ్బకో పూస పక్కకు జరపాలి. ఎవరో తక్కువ చెప్తారు. అప్పుడు మీరు ‘అబద్ధం’ అనకండి. ‘మళ్లీ ఒకసారి గుర్తు చేసుకో, టీ దగ్గర ఒకటి, చెట్టు దగ్గర...’ అని ఆగండి. మా దగ్గర ఒక అబ్బాయి మూడు వారాలు ప్రతి గుంతకూ ‘నాలుగు’ అనే చెప్పాడు. నాలుగో వారం ఎవరూ అడగకుండానే ‘తొమ్మిది’ అన్నాడు. ఆ తొమ్మిదికి మేమంతా చప్పట్లు కొట్టాం. ఎందుకని వాడికి అర్థమైందో లేదో గానీ మళ్లీ నాలుగు చెప్పలేదు.

మూడో నెల: ఇంకొకరికి మార్కర్. పక్కవాడి స్కోరు రాయడం, తేడా వస్తే వాడితో మాట్లాడి తేల్చుకోవడం, చివర ఇద్దరూ సంతకమో వేలిముద్రో. స్నేహితుడికి ‘నీది ఆరు కాదు ఏడు’ అని కోపం లేకుండా చెప్పగలగడం చాలామంది పెద్దవాళ్లకే రాదు.

నాలుగో నెల నుంచి వంతులవారీ ఉద్యోగాలు. స్టార్టర్ పేర్లు పిలుస్తాడు. భద్రతాధికారి చేతిలో ఎర్ర జెండా, అది లేస్తే కోచ్ కూడా ఆగాల్సిందే. అనవసరంగా లేపినా ఆగండి, తర్వాత మాట్లాడండి. ఇంకొకరు చివరి పది నిమిషాల గుండ్రపు సమావేశం నడుపుతారు: ఇవాళ ఏది కుదిరింది, ఏది కుదరలేదు, వచ్చే వారం ఏం మార్చాలి. పెద్దవాళ్లకు ఆ పది నిమిషాలు మాట్లాడే హక్కు లేదు, పిలిస్తే తప్ప.

ఈ మొత్తంలో పెద్దవాళ్లు నేర్చుకోవాల్సిన విద్య ఒక్కటే. ప్రశ్న అడిగాక మనసులో పది లెక్కపెట్టడం. ‘ఏ క్లబ్బు తీస్తావు?’ అని అడిగి రెండు సెకన్లలో ఏడో నంబరు ఐరన్ చేతికిస్తే, అడగనట్టే. తప్పు క్లబ్బు తీసినా కొట్టనివ్వండి. బంతి పొట్టిగా పడుతుంది, అంతకు మించి ప్రపంచం మునగదు. ప్రమాదం అయితేనే అడ్డుపడండి.

డౌన్ సిండ్రోమ్ ఉన్న ఎమీ బాకర్‌స్టెట్ 2019లో అరిజోనాలోని స్కాట్స్‌డేల్‌లో పెద్ద ప్రొఫెషనల్ టోర్నీ ముందు ప్రాక్టీసు రోజున, ప్రొఫెషనల్ ఆటగాడు గ్యారీ వుడ్‌ల్యాండ్‌తో కలిసి 16వ రంధ్రం ఆడిన వీడియో చాలామంది చూసే ఉంటారు. బంతి బంకర్‌లో పడింది. ‘నేను చూసుకుంటాను’ అనే అర్థం వచ్చే మాట అనుకుంటూ తానే తీసింది, పుట్ వేసి పార్ (ఆ రంధ్రానికి నిర్ణయించినన్ని దెబ్బలు) చేసింది. ఆ మాటే పేరుగా తర్వాత ఆ కుటుంబం ఒక ఫౌండేషన్ పెట్టింది. ఆ వీడియో మీ పిల్లలకు చూపించేటప్పుడు గుంతలో బంతి పడ్డ క్షణం దగ్గర కాకుండా, ఆమె బంకర్‌లోకి దిగే చోట ఆపి చూపించండి.

ఆరో నెల దాటాక పాతవాళ్లు కొత్తవాళ్లకు నేర్పాలి. క్లబ్బు ఎలా పట్టుకోవాలో చెప్పే పిల్లకు, తన పట్టు ఎందుకు అలా ఉందో మొదటిసారి అర్థమవుతుంది. దీని తర్వాతి మెట్టు కమిటీ. ముగ్గురు పిల్లలు, ఇద్దరు పెద్దలు, అందరికీ సమానంగా ఒక్కో ఓటు. అల్పాహారానికి నెలకు రెండు వేలు వాళ్ల చేతికే ఇవ్వండి, లెక్క రాయమనండి. ఒక నెల మొత్తం సమోసాలకే ఖర్చయిపోతుంది. అవనివ్వండి. స్పెషల్ ఒలింపిక్స్‌లో క్రీడాకారులకు నాయకత్వ శిక్షణ కోసం ప్రత్యేక విభాగమే ఉంది. మేధో వైకల్యం ఉన్న పరుగుల క్రీడాకారిణి లొరెట్టా క్లెయిబోర్న్ దాని అంతర్జాతీయ బోర్డులో ఉపాధ్యక్షురాలి దాకా వెళ్లింది. బోర్డు ఓటు దాకా పోని నాయకత్వ కార్యక్రమం నాకు అర్ధాంతరంగా ఆగినట్టే కనిపిస్తుంది.

ఏడో అడుగు: మొదటి టోర్నీ

మూడు రంధ్రాలు, మహా అయితే ఆరు. ‘గరిష్ఠ స్కోరు’ పద్ధతి పెట్టండి, నియమావళిలో ఉన్నదే. పార్‌కు రెట్టింపు దాటితే బంతి ఎత్తేయొచ్చు, ఎవరూ పన్నెండో దెబ్బ దగ్గర ఏడుస్తూ నిలబడరు. జోడీలకు ఒకే బంతిని చెరో దెబ్బా కొట్టే ఆట బాగా కుదురుతుంది. మేధో వైకల్యం ఉన్నవాళ్లకు సహాయకుడు ఉండొచ్చని, కోర్సు మీద పర్యవేక్షకుల్ని పెట్టొచ్చని 25వ నియమంలో ఉంది. సహాయకుడి పని ఏమిటో ఒక రోజు ముందే పిల్లా సహాయకుడూ కూర్చుని రాసుకోవాలి.

ఆహ్వాన పత్రం, జట్లు, టీ సమయాలు, క్లబ్బు కెప్టెన్‌తో మాట్లాడడం, అన్నీ కమిటీ పిల్లలవే. అతిథి వేదికెక్కి నలభై నిమిషాలు మాట్లాడుతుంటే పిల్లలు ఎండలో కూర్చునే సభలు మనకు కొత్త కాదు. అతిథికి రెండు నిమిషాలు, లేదా ఒక రంధ్రం పిల్లల కింద కేడీగా సంచి మొయ్యడం. ఏది కావాలో ఆయన్నే ఎంచుకోమనండి. ఫొటో తీసేముందు పిల్లనే అడగాలి, తల్లి సంతకం ఉన్నా సరే. పెద్దవాళ్లెవరూ ఏ పిల్లతోనూ ఒంటరిగా ఉండకూడదన్న నియమం మొదటి రోజు నుంచీ రాతపూర్వకంగా ఉండాలి.

ఎనిమిదో అడుగు: ఏం లెక్కపెట్టాలి

కప్పులు కాదు. ఒక నోటు పుస్తకంలో ప్రతి వారం మూడే రాయండి: ఈ పిల్ల ఇవాళ ఎవరూ చెప్పకుండా తీసుకున్న నిర్ణయం ఒకటి, ఇంకొకరికి చేసిన సాయం ఒకటి, ‘వద్దు’ అని చెప్పిన సందర్భం ఒకటి. మూడోది ఖాళీగా ఉంటే మీరు మంచి క్రమశిక్షణ నేర్పుతున్నారంతే. ఇంటి నుంచి వచ్చే ఫిర్యాదులు కూడా రాయండి. ‘మావాడు ఈ మధ్య ఎదురు చెప్తున్నాడండీ’ అని తల్లి ఫోన్ చేసిందంటే, ఆ రోజు తేదీ కింద గీత గీసుకోండి.

బాగా ఆడేవాళ్లకు ముందు దారి ఉంది: స్పెషల్ ఒలింపిక్స్ తొమ్మిది, పద్దెనిమిది రంధ్రాల పోటీలు, వైకల్యం ఉన్న గోల్ఫర్ల ప్రపంచ ర్యాంకింగ్. అంత బాగా ఆడనివాళ్లకూ ఉంది. కోర్సు మీద స్టార్టర్, రేంజ్ సిబ్బంది, జూనియర్ కోచ్. కాలి జబ్బుతో నడవలేక, కార్టు వాడే హక్కు కోసం 2001లో అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లి గెలిచిన కేసీ మార్టిన్ తర్వాత ఒరెగాన్ విశ్వవిద్యాలయం కోచ్‌గా 2016లో జట్టుకు జాతీయ టైటిల్ తెచ్చాడు. కుడి పాదం లేకుండా పుట్టిన కిమ్ మూర్ 2022లో అడాప్టివ్ ఓపెన్ మహిళల విభాగంలో గెలిచేనాటికే ఒక విశ్వవిద్యాలయ మహిళా జట్టుకు కోచ్.

రెండో ఏడాది కొత్త పిల్లల పరిచయం రోజున మీరు కుర్చీ వేసుకోకండి. పాత పిల్లలే మాట్లాడతారు, ఏం అడగాలో వాళ్లకు మీకన్నా బాగా తెలుసు. దరఖాస్తు ఫారం కూడా వాళ్లనే రాయమనండి. ‘తల్లిదండ్రుల ఫోన్ నంబరు’ గడి కంటే పైన ఏ ప్రశ్న పెడతారో చూడండి.